‘చూద్దాంలే’ అన్న పెరట్లో అరటి మిగలదు

అది అరటి కాదు

ఈమధ్య నరసరావుపేటలో మా వీధి చివర కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన నన్ను పిలిచి పెరట్లో మొక్క చూపించాడు. ఎర్ర అరటి అని చెప్పి నర్సరీ బండివాడు అమ్మాడట. రెండు వేసవులు బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నాడు.

“గెల ఎప్పుడేసిద్ది మేడం?” అని అడిగాడు.

అది ఎప్పటికీ గెల వేయదు. అది పూల కోసం పెంచే హెలికోనియా. ఆకు చూస్తే అరటి ఆకులాగే ఉంటుంది. కానీ కాండం కర్రలా సన్నగా లేస్తుంది, అడుగున దుంప దగ్గర లావెక్కదు. అరటి ఆకు కాడ విరిస్తే కారే పసరు బట్టకు అంటితే నల్లటి మరక పడుతుంది, ఎంత ఉతికినా పోదు. దీన్ని విరిచి ఆయన తువ్వాలుకే రాసి చూపించాను. మరక పడలేదు.

“కొనేముందు ఎవరినన్నా అడగాల్సింది” అన్నాను.

“అడిగానండి. మీ ఆఫీసులో ఇప్పుడున్న ఆయన్నే అడిగా. ఫోనుతో ఫొటో తీసి, ఫోన్లో అరటనే వచ్చిందండీ, పెట్టుకోండి అన్నాడు.”

నాకు ఒళ్లు మండింది. చేతికి అందేంత దూరంలో ఉన్న మొక్కను ముట్టుకోకుండా, దాని ఫొటోను ఫోనుకు చూపించి, ఫోను చెప్పింది ఇంటాయనకు చెప్పడానికి జీతం దేనికి?

ఆ కుర్చీలో నేను పనిచేసి రిటైరయ్యాను. సంస్థ పేరు రాయను. పల్నాడులో ఇళ్ల వెంట తిరిగి, పెరట్లో ఏ మొక్క పెట్టాలో, ఎలా పెంచాలో చెప్పడం మా పని. గురజాల, మాచర్ల, నడికుడి, వినుకొండ, అన్నిచోట్లా చేశాను. ఆ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పదోన్నతుల గురించీ ఫైళ్ల గురించీ మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను అరటి గురించి చెబుతాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

చెట్టును ముట్టుకుని చెప్పండి

అరటిని గుర్తుపట్టడానికి గెల వేసేదాకా ఆగనక్కర్లేదు. ఆకు కాడ పట్టుకుని పైవైపు గాడి చూడండి. గాడి బాగా విచ్చుకుని, కాండం మీద నల్లటి, గోధుమరంగు మచ్చలు ఉంటే అది పచ్చ అరటి జాతి. గాడి అంచులు లోపలికి ముడుచుకుని దాదాపు మూసుకుపోయి, ఆకు అడుగున వేలితో రాస్తే బూడిదలాంటి పూత అంటితే అది కూర అరటి, మనం బొంత అనేది. ఆకు అడుగున నడి ఈనె గులాబీ రంగులో ఉంటే కర్పూర చక్కరకేళి. కాండం పసుపు కలిసిన పచ్చగా మెరుస్తూ, కాడ అంచున ఎర్రటి గీత ఉంటే అమృతపాణి అయ్యుండవచ్చు. అయ్యుండవచ్చు అనే అంటున్నాను. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకండి. నాలుగూ చూడండి, ఆ పిలక ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటావిడను అడగండి.

పిలక ఎంచేటప్పుడు ఆకులు సన్నగా కత్తుల్లా ఉండి, అడుగు లావుగా ఉన్నదాన్ని తీసుకోవాలి. చిన్న వయసులోనే వెడల్పాటి ఆకులు వేసిన పిలక కంటికి ముచ్చటగా ఉంటుంది. దానికి కింద దుంప బలం ఉండదు. జనం మాత్రం ఎప్పుడూ ఆ ముచ్చటైనదాన్నే ఏరుకుంటారు.

మన నేల సున్నపు నేల. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందక. అది చూసి యూరియా గుప్పించేవాళ్లనూ, పక్క బజారులో మూడు రకాల సీసాలు అంటగట్టేవాళ్లనూ నా సర్వీసంతా చూశాను. ఇనుము ఉండే అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి నీళ్లలో పలచన చేసి ఆకుల మీద పిచికారీ చేస్తే చాలు. చెట్టు మొదలు దగ్గర బాగా మాగిన పశువుల ఎరువు వేయాలి. స్నానాల నీళ్లు అటు మళ్లించుకోవచ్చు కానీ మొదలు చుట్టూ నీళ్లు నిలవకూడదు. తల్లి చెట్టు గెల వేసేదాకా పిలకలు కోసేస్తూ ఉండాలి. తర్వాత ఒక్కటే ఉంచాలి. గుంటలో కోడిగుడ్డు పెడితే గెల రెట్టింపవుతుందని ఫోన్లో వీడియోలు తిరుగుతున్నాయి. ఆ గుడ్డు పిల్లలకు పెట్టండి.

ఇదంతా నేర్చుకోవడం కష్టం కాదు. నేర్చుకున్నది అవసరమైనచోట నోరు తెరిచి చెప్పడమే ఈ ఉద్యోగం. అది నాకు తెలిసివచ్చింది గురజాలలో.

ఆదిలక్ష్మి పెరడు

గురజాలలో మా ఆఫీసు వెనక వీధిలో ఆదిలక్ష్మి అని ఒకావిడ ఉండేది. భర్తకు చిన్న కిరాణా కొట్టు. ఆవిడ ఇంట్లో వండి కోర్టుకు వచ్చేపోయేవాళ్లకు భోజనాలు పెట్టేది. భోజనం అరటాకులోనే. ఆకులన్నీ పెరట్లోని అమృతపాణి గుబురు నుంచే కోసేది. పండితే పండు, పువ్వు వస్తే కూర, గెల కొట్టాక కాండం లోపలి దూటతో పెరుగుపచ్చడి. ఆ వీధిలో ఎవరింట్లో అరటి ఉన్నా దాని పిలక ఆదిలక్ష్మి పెరట్లోదే.

“మా అత్త కాపురానికొచ్చేటప్పుడు కృష్ణ అవతల నుంచి తెచ్చిందక్కా ఈ పిలక. పుట్టింటోళ్లు చీరె పెట్టారంట, ఇది కూడా పెట్టారంట. చీరె ఎప్పుడో చినిగిపోయింది” అని చెప్పింది నేను మొదటిసారి ఆ చెట్ల దగ్గరికి వెళ్లినప్పుడు.

నేను చాలా అరటి తిన్నాను. అలాంటి పండు ఇంకెక్కడా తినలేదు. తొక్క పలచన, లోపల తెల్లటి వెన్న.

వ్యాన్ వచ్చింది

అప్పుడు మా పైఅధికారి ప్రసాదరావుగారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి. ఎవరు ఏం అడిగినా నవ్వి ‘చూద్దాంలే’ అనేవాడు. అందరూ ఆయన్ని మంచివాడనేవారు. నేను అనలేదు. ఇప్పుడూ అనను.

ఆ వీధి మొత్తాన్ని అరటి వీధి చేసి సంస్థ పెద్దలకు చూపించాలని ఆయనకు అనిపించింది. ఇంటింటికీ ల్యాబులో పెంచిన మేలురకం మొక్కలు ఉచితంగా ఇస్తామని చెప్పాడు. వ్యాన్ వచ్చిన రోజు నేను ఒక మొక్క సంచి చింపి చూశాను. ల్యాబు మొక్కకు అడుగున సన్నటి వేళ్లుంటాయి, కత్తి గాటు ఉండదు. వీటికి దుంపల మీద చెక్కిన గాట్లు ఉన్నాయి. ఎవరి తోటలోనో పిలకలు తవ్వి, చెక్కి, సంచుల్లో పెట్టి పంపారు. ఒకే రకం అన్నారు కానీ ఆకు కాడలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి కాడల మీద ముదురాకుపచ్చ చుక్కలు, చిన్న చిన్న గీతలు వరసగా కనిపించాయి. ఆ గుర్తు ఏమిటో నాకు తెలుసు. బంచీటాప్ అనే తెగులు. ఆకులు వెడల్పు తగ్గి, నిటారుగా లేచి, తలలో గుత్తిలా కూరుకుపోతాయి. గెల రాదు. వచ్చినా చెట్టు గొంతులోనే ఇరుక్కుంటుంది. దానికి మందు లేదు. పిలకతో వస్తుంది, పేనుబంక పురుగుతో పక్క చెట్టుకు పాకుతుంది.

“సార్, ఇవి దించొద్దు. తెగులు కనపడుతోంది. అసలివి ల్యాబు మొక్కలు కావు” అన్నాను.

ప్రసాదరావుగారు మొక్క వైపు చూడలేదు. “ఏందమ్మా కోటేశ్వరమ్మా, ప్రతిదానికీ ఏదో ఒకటి చెబుతావు. మొక్కే గదా, మట్టిలో పెడితే సర్దుకునిద్ది.”

“సర్దుకోదు సార్. వీధిలో ఉన్న మంచి చెట్లకు కూడా అంటుకుంటుంది.”

“రేపు పెద్దలొస్తన్నారు. ఇప్పుడు వ్యాన్ తిప్పి పంపితే నా మొహం ఏడ పెట్టుకోవాలి? ముందు పెట్టిచ్చేద్దాం. తేడా వస్తే అప్పుడు చూద్దాంలే.”

నేను పంచనని చెప్పాను. మిగతావాళ్లు పంచారు. ఆదిలక్ష్మికి నాలుగు మొక్కలు ఇచ్చి, పాత గుబురు తీసేసి వీటిని వరసలో పెట్టమన్నారు. ఆవిడ గుబురును ముట్టుకోనివ్వలేదు. దాని పక్కనే వీటిని పెట్టుకుంది. నేను వెళ్లి వద్దన్నాను. “పెద్దసారే వచ్చి ఇచ్చాడు గదక్కా. ఆయనకి తెలవదా ఏంది” అంది. ఫొటోలు బాగా వచ్చాయి.

మందు లేదు

వానలు వెనకబట్టాక కొత్త మొక్కల తలలు గుత్తులు కట్టాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు అమృతపాణి గుబురులో లేత ఆకు కాడ మీద అవే చుక్కలు. మొవ్వులో పేనుబంక, దాని చుట్టూ చీమలు. ఆదిలక్ష్మికి చూపించాను.

“ఏం మందు కొట్టాలి?” అంది.

“మందు లేదు. గుబురంతా తీసేయాలి.”

“పత్తికి ఇన్ని మందులు కొడతన్నారు. దీనికి ఒక్కటి లేదా?”

“లేదమ్మా.”

ఆవిడ గట్టు మీద కూర్చుంది. తర్వాత, “ఒక్క పిలకన్నా మిగిలిద్దా?” అని అడిగింది. ఒక గుబురులో పిలకలన్నీ ఒకే దుంప నుంచి వస్తాయని, ఇవాళ పచ్చగా కనిపించేది కూడా లోపల పట్టే ఉంటుందని చెప్పాను.

మర్నాడు ఆవిడే గునపం పట్టుకుంది. ముందు మొవ్వుల్లో కిరసనాయిలు పోయించాను. పురుగు చావకుండా చెట్టు నరికితే ఆ పురుగు లేచి పక్క పెరట్లోకి పోతుంది. అందుకని ముందు పురుగు, తర్వాత చెట్టు. దుంపలు వేళ్లతో సహా తవ్వి, ముక్కలు చేసి ఎండబెట్టాలి. నేను సాయం పట్టబోతే చేయి అడ్డం పెట్టింది. “నువ్వు ఉండక్కా. నేనే తీస్తా” అంది. చివరి దుంప పైకి తీసేటప్పుడు ఆవిడ ఏడుస్తోంది. గునపం మాత్రం ఆపలేదు.

వీధిలో మిగతావాళ్లకూ ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ఎదురింటి సాంబ్రాజ్యమ్మ అనే పెద్దావిడ, “ఆదిలక్ష్మి పిచ్చిది, బంగారం లాంటి చెట్లు పీక్కుంది. నేను పెద్దసారుకే ఫోను చేస్తా” అంది. చేసింది. ప్రసాదరావుగారు కారులో వచ్చాడు. పెరట్లోకి అడుగు పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి, “పోషకాలు తక్కువైనయ్యమ్మా, అంతే” అని పొడి పొట్లాలు పంచిపెట్టాడు. అందరూ ఆయన్నే నమ్మారు. చెట్టు నరకమనే మనిషి మాట కంటే పొట్లం ఇచ్చే మనిషి మాట ఎవరికైనా తియ్యగానే ఉంటుంది. జనాన్ని నేను తప్పుపట్టను. తెలిసి తియ్యటి మాట చెప్పినవాణ్ణి తప్పుపడతాను.

కొంతకాలం నేల ఖాళీగా వదిలాక ఆదిలక్ష్మి బయటి నుంచి తెచ్చిన మంచి పిలకలు పెట్టింది. చుట్టూ రోగం చెట్లు నిలబడే ఉన్నాయి. కొత్త పిలకలు గోడ ఎత్తు రాకముందే వాటి తలలూ గుత్తికట్టాయి.

ఒకరోజు ఆవిడ ఆఫీసుకు వచ్చింది. పీకిన మొక్క ఒకటి చేతిలో ఉంది. నా బల్ల ముందు నిలబడింది.

“నీ మాట విన్నది నేనొక్కదాన్నే. పోగొట్టుకుంది కూడా నేనొక్కదాన్నే. ఇనని వాళ్ల చెట్లేమో ఇంకా నిలబడే ఉన్నయ్యి. ఇది ఏం న్యాయం?”

“అందరికీ చెప్పానమ్మా.”

“చెబితే సరిపోయిద్దా? నీ పెద్దసారు చెప్పేది అబద్ధమని ఆయన మొహం మీద ఎవరు చెప్పాలి? నేను చెప్పాలా?”

ప్రసాదరావుగారు ఆ రోజు కల్యాణమండపంలో పెద్దలకు అరటి వీధి ఫొటోలు చూపిస్తున్నాడు. ఆదిలక్ష్మిని బండి మీద ఎక్కించుకుని అక్కడికే వెళ్లాను.

మండపంలో

ఆవిడ నేరుగా వేదిక దగ్గరికి నడిచి, పూలదండలు పెట్టిన బల్ల మీద ఆ మొక్కను వేర్ల మట్టితో సహా పెట్టింది.

“సారూ, ఇది మా వీధిలో చెట్టు. మీరు తెచ్చిన జబ్బుతోనే ఇట్టా అయింది. దీనికి గెల ఏడొచ్చిద్దో చూపిచ్చండి.”

“కూర్చోమ్మా. తర్వాత మాట్లాడదాం” అన్నాడు ఆయన, అదే నవ్వుతో.

“తర్వాత ఎవరితో మాట్లాడాలి? కోర్టు కాడ నా భోజనానికి వచ్చేవోళ్లకి ఆకు లేక పేపరు ప్లేట్లలో పెడతన్నా. మా అత్త చెట్టు నా చేత్తో నేనే తవ్వుకున్నా. మీరు మా గుమ్మం కూడా దాటలా.”

నేను లేచి నిలబడి, ఇది బంచీటాప్ అనీ, మా వ్యాన్‌లోనే వచ్చిందనీ, దించకముందే సార్‌కి చెప్పాననీ అన్నాను. వచ్చిన పెద్దల్లో ఒకాయన ప్రసాదరావుగారి వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. ఆయన నవ్వు మొదటిసారి సడలింది. “చూద్దాం సార్” అన్నాడు.

ఏమీ చూడలేదు. నన్ను వినుకొండకు బదిలీ చేశారు. మెట్ట పొలాల గట్ల మీద సీతాఫలం మొక్కల పని. ఆయన మాత్రం హాయిగా అదే కుర్చీలో కూర్చుని, దండలతో, జ్ఞాపికలతో రిటైరయ్యాడు. న్యాయం జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరగలేదు.

వీధిని బాగుచేసింది ఆఫీసు కాదు. ఆదిలక్ష్మి. మండపంలో జరిగింది ఊరంతా పాకింది. ఆవిడ గునపం, కిరసనాయిలు డబ్బా తీసుకుని ఒక్కో ఇంటికీ వెళ్లింది. తిట్టినవాళ్ల చేత తిట్టించుకుంది. గెలలు ఎటూ రావని అప్పటికే కళ్లారా చూశారు కాబట్టి ఒక్కరొక్కరే ఒప్పుకున్నారు. అందరికంటే చివర సాంబ్రాజ్యమ్మ. “నీ నోటికి భయపడి పీకిస్తన్నా, నీ మాట నమ్మి కాదు” అందట. పీకించడమే కావాల్సింది కనుక ఆదిలక్ష్మి గునపం దింపింది.

మళ్లీ వానలు పడేదాకా ఆ వీధిలో అరటి అన్నది లేదు. తర్వాత నేను సెలవు పెట్టి తెనాలి వైపు తోటలు తిరిగి, ప్రతి చెట్టు కాడా చూసి, పిలకలు తెచ్చాను. ఇప్పుడు ఆ పెరళ్లలో అరటి ఉంది. మొదటి గెల పండినప్పుడు ఆదిలక్ష్మి ఒక అత్తం కోసి నాకు పెట్టింది. తనూ ఒక పండు తిన్నది.

“బాగానే ఉందక్కా. కానీ అది కాదు” అంది.

అది ఇంకెక్కడా లేదు. ఆ పిలక తెచ్చిన ఊరికి కూడా వెళ్లి వెతికాం. ఒక రుచి ఈ భూమి మీద లేకుండా పోయింది, ఒక మనిషి మొహమాటం వల్ల. తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఇంకా దించలేదు

గురజాలలో నేను కూర్చున్న కుర్చీలోకి ఈమధ్య రిజ్వానా అనే అమ్మాయి వచ్చింది. మొదటి ఉద్యోగం. మొన్న వారం పొద్దున్నే ఫోను చేసింది. వెనక ఇంజను చప్పుడు.

“మేడం, అరటి మొక్కల వ్యాన్ వచ్చింది. కొన్నింటి కాడల మీద చుక్కలు కనపడతన్నయ్యి. మా సారు దించమంటన్నాడు. తేడా వస్తే తర్వాత చూద్దాం అంటన్నాడు.”

ప్రసాదరావుగారు వెళ్లిపోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం ఆ కుర్చీని అంటిపెట్టుకునే ఉంది.

“చుక్కలు నువ్వే చూశావా?”

“చూశాను మేడం. వేలితో తుడిచి కూడా చూశా. పోలేదు.”

“మరి నన్నెందుకు అడుగుతున్నావు?”

తర్వాత ఆ అమ్మాయి గొంతు, ఫోనుకు దూరంగా, డ్రైవరుతో: “అన్నా, ఒక్క మొక్క కూడా దించబాకు. బండి వెనక్కి తిప్పు.”

ఆ వ్యాన్ గురజాలలో దిగలేదు. ఆ అమ్మాయికి మెమో వచ్చింది. నిన్న మళ్లీ ఫోను చేసింది, ఏడుపు ఆపుకుంటూ. అదే వ్యాన్‌ను దుర్గి మండలంలో ఇంకో ఊరికి పంపారట. “నేను ఆపి ఏం లాభం మేడం? వాళ్ల పెరళ్లల్లో పెట్టిస్తారు గదా” అంది.

ఆ ఊరి పేరు చెప్పమన్నాను. నాకు ఇప్పుడు ఉద్యోగం లేదు, మెమో ఇచ్చేవాళ్లు లేరు, బదిలీ చేసేవాళ్లు లేరు. రేపు పొద్దున మాచర్ల బస్సు ఎక్కుతున్నాను. ఆదిలక్ష్మి గురజాలలో ఎక్కుతానంది. రిజ్వానా సెలవు పెట్టింది. ఆ ఊళ్లో మమ్మల్ని ఎవరూ పిలవలేదు. కానీ మొక్కలు ఇంకా సంచుల్లోనే ఉన్నాయట.